ఇంటికి ఒక్కరే అన్నరు



మొన్న మన గ్రూపులో ఒక అన్న అడిగిండు. "మా బిడ్డ నాలుగో తరగతి. గురుకులం పరీక్ష రాయించాల్నా, బెస్ట్ అవైలబుల్‌కు పెట్టాల్నా, లేకపోతే తండా బడిలోనే ఉంచాల్నా?" అని. కింద చాలామంది జవాబులు రాసిండ్రు. "ఏదన్న పెట్టన్నా, తండా బడి మాత్రం వద్దు" అన్నవాళ్లే ఎక్కువ. మేము కూడా అదే రాయబోయి ఆగినం. అట్ల రాస్తే అబద్ధం కాదు. కానీ మా ఇంట్లో జరిగింది మొత్తం దాంట్లోకి రాదు. అందుకే ఈ పెద్ద పోస్టు. ఓపికుంటే చదవండి.

మేమిద్దరం అక్కాచెల్లెళ్లం, కలిసి కూర్చొని రాస్తున్నం. మాది కోడేరు మండలంలో ఒక తండా. పేరు రాస్తలేము, రాస్తే బడి ఏదో, సారు ఎవరో తెలిసిపోతది. మాలో పెద్దది తండా బడిలో ఐదు దాకా, కోడేరు హైస్కూల్లో పది దాకా చదివి ఇప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. చిన్నది ఐదో తరగతిలోనే గురుకులం పోయి ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. మాకొక తమ్ముడు. వాడు బెస్ట్ అవైలబుల్ సీటు వచ్చి ప్రైవేటు బడి హాస్టల్లో ఉంటడు, ఇప్పుడు పదో తరగతి. ఒక్క ఇంట్లోంచి మూడు తీర్ల బడులకు పోయినం. మా యాడి తండా బడిలో మధ్యాహ్న భోజనం వండుతది. అంటే ముగ్గురం వదిలిపెట్టి పోయిన బడిలో మా యాడి ఇంకా ఉంది.

ముందు చిట్టీ సంగతి చెప్తం.

2018 జూన్. తమ్ముడు మూడో తరగతికి వచ్చిండు, చిన్నది ఐదుకు, పెద్దది ఎనిమిదికి. గిరిజన పిల్లలకు ఈ స్కీములో సీట్లిచ్చేది మూడు, ఐదు, ఎనిమిది తరగతుల్లోనే. ఎట్ల కలిసొచ్చిందో గానీ ఆ ఏడాది మా ముగ్గురికీ సరిగ్గా ఆ తరగతులే. యాడికి ఆ సంగతి చెప్పంగనే మొఖం వెలిగిపోయింది. కాగితాలు తీసుకొని మీసేవకు పోతే ఆడ ఉన్నాయన "ఇంటికి ఒక్కరికే అమ్మా, ముగ్గురికి పెడితే ముగ్గురివీ పోతయి" అన్నడు.

ఎవరి పేరు పెట్టాల్నని ఇంట్లో పంచాయితేమీ జరగలేదు. ఎవరూ అడగనే లేదు. కులం సర్టిఫికెట్ తమ్ముని పేరు మీద తీసిండ్రు, ఆదాయం సర్టిఫికెట్ బా పేరు మీద తీసిండ్రు, అంతే. ఆ రోజు మాకు కోపం కూడా రాలేదు. కోపం తర్వాత తర్వాత వచ్చింది, చాలా ఏండ్లకు.

లక్కీ డ్రా నాగర్‌కర్నూల్‌లో. బా అప్పుడు పూణె దిక్కు పనిలో ఉన్నడు, గుంపు మేస్త్రీని బతిమిలాడి వచ్చిండు. పాలమూరు నుంచి పనికి పోవుడు మనకు కొత్త కాదు కద, ఆ సంగతి మీకు చెప్పేది లేదు. మేము కూడా వెంట పోయినం, బస్సులో కిటికీ సీటు కోసం. ఒక పెద్ద హాలు. నిండా మనోళ్లే. యాడీలు తెల్లారకముందే బయలుదేరినట్టున్నరు, కొందరు గోడకు ఆనుకొని కునుకు తీస్తున్నరు. ప్లాస్టిక్ డబ్బాలో మడత పెట్టిన చిట్టీలు. ఒక చిన్న పిల్లతోని తీయించిండ్రు. పేరు చదివినప్పుడల్లా ఒక మూలన అరుపు, మిగతా హాలంతా చప్పుడు లేదు. మా తమ్ముని పేరు చివర్ల వచ్చింది. బా లేచి నిలబడి చేతులు జోడించిండు, ఎవరికో తెల్వదు, డబ్బాకే అనుకోవాలె. మా పక్కన కూర్చున్న ఆమె కొడుకు పేరు రాలేదు. ఆమె మా తమ్ముని తల మీద చెయ్యి పెట్టి "మంచిగ చదువుకో బేటా" అన్నది. ఆమెది ఏ తండానో, ఆ పిలగాడు ఇప్పుడేం చేస్తున్నడో మాకు తెల్వదు.

మనం దీన్ని ఎంపిక అంటున్నం. "మీ పిల్లలకు మంచి బడిని మీరే ఎంచుకోండి" అంటరు. ఆ హాలులో ఎవరు ఏం ఎంచుకున్నరు? డబ్బా ఎంచుకుంది. ఆ తర్వాత ఏ బడిలో సీటు ఖాళీ ఉందో, ఏ బడి మన పిల్లలను తీసుకుంటనన్నదో ఆ బడి వచ్చింది.

ఇగ బడి సంగతి. మాలో పెద్దది ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా తండా బడి హాజరు పట్టీలో నలభై పైచిలుకు పేర్లు ఉండె. ఇద్దరు సార్లు. ఒక సారు ఒకటి, రెండు తరగతులు చూసుకునేది, ఇంకో సారు మూడు, నాలుగు, ఐదు. రెండే గదులు, ఒక వరండా. గొప్ప బడి అని చెప్తలేము. ఎండాకాలం రేకులు కాలిపోయేవి. ఒక సారు ఫోన్ ఎక్కువ చూసేది. కానీ చిన్నప్పుడు మాకు తెలుగు రాదు. మన ఇండ్లల్లో గోర్ బోలినే కద మాట్లాడేది. ఒకటో తరగతి పిల్ల "సార్, పాస్‌కు" అనడం కూడా రాక లాగులోనే పోసుకుంటే, పొయ్యి కాడి నుంచి లేచొచ్చి పిల్ల ఏం అంటున్నదో సారుకు తెలుగులో చెప్పేది మా యాడి. సారు చెప్పింది పిల్లలకు మన భాషలో చెప్పేది కూడా మా యాడే. 'కాకి', 'కుక్క' అని సారు అంటే వెనుక నుంచి యాడి 'కాగ్లా', 'కుత్రా' అనేది. ఆమెకు చదువు రాదు. ఏ జీతం కాగితంలోనూ ఆ పని లేదు. మా తండాలో చాలామంది పిల్లలకు తెలుగు వచ్చింది పొయ్యి పక్క నుంచి.

తర్వాత ఒక్కొక్కరే పోయిండ్రు. చెడ్డగ ఏం పోలేదు, మంచిగనే పోయిండ్రు. అది కూడా చెప్పాలె.

2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. పద్నాలుగేండ్లు కూడా నిండని మన తండా బిడ్డ, గురుకులంలో చదువుకున్న బిడ్డ. ఆ ఫొటో మా తండాకు పేపర్‌లో వచ్చింది, ఒకాయన కత్తిరించి దుకాణంల అంటించిండు. అప్పటిదాకా ఆడపిల్లను హాస్టల్‌కు పంపుతరా అన్నవాళ్లే "గురుకులం ఫారం ఎప్పుడొస్తది" అని అడిగిండ్రు. తెలంగాణ వచ్చినంక గురుకులాలు కూడా చానా పెరిగినయి. గురుకులం అనేది మన దగ్గర పాత మాటే. 1971లో పీవీ నరసింహారావు హయాంలో సర్వేల్‌లో మొదటిది పెట్టిండ్రు. ఊళ్లల్ల మంచిగ చదివే పేద పిల్లలను ఏరి, ఒక్క చోట ఉంచి, తిండి పెట్టి చదివించాలని. మాలో చిన్నది 2018లో ఆ ఐదో తరగతి పరీక్ష రాసింది. చిట్టీ అయిపోయిన నెలకు రెండో లిస్టులో పేరొచ్చింది. ఆమె ఈ పోస్టు టైపు చేసుకుంటనే అంటున్నది: "గురుకులం లేకపోతే నాకు ఈపాటికి పెండ్లి అయ్యేది, అది కూడా రాయి" అని. రాస్తున్నం.

కానీ 'ఏరి' అన్న మాట దగ్గర ఆగండి. పరీక్ష పెట్టి ఏరితే ఎవరు పోతరు? ముందు బెంచీ పోరగాళ్లు పోతరు. సారు బయటికి పోతే చిన్నోళ్లకు ఎక్కాలు చెప్పించే పిల్ల పోతది. మాలో చిన్నది పోయిన ఏడాది రెండో తరగతికి ఎక్కాలు చెప్పేవాళ్లు లేకపాయె. నవ్వొస్తది గానీ నిజం. రెండు తరగతులను ఒక్క సారు చూసే బడిలో నాలుగో తరగతి పిల్ల సగం టీచర్.

చిట్టీ వచ్చినోళ్లు, గురుకులం వచ్చినోళ్లు పోతే, మిగిలినోళ్లల్ల కొంచెం చేతిల డబ్బులు ఉన్నోళ్లు వ్యాన్ ఎక్కించిండ్రు. పొద్దున ఏడున్నరకు పసుపు వ్యాన్ తండా మొదట్ల హారన్ కొడతది. టై కట్టుకున్న పోరగాళ్లు ఉరుకుతరు. ఉరకని పిల్లలు వాకిట్ల నిలబడి చూస్తరు. ఆ చూసుడు చూసి మిగిలిన యాడీలు అప్పు చేసిండ్రు. ఎవరన్న వచ్చి వీళ్లకు తండా బడి మంచిది కాదని చెప్పలేదు. హారన్ చెప్పింది.

పిల్లలు ఇరవై అయిండ్రు, తర్వాత పదిహేను. విద్యాహక్కు చట్టం పట్టికలో అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు ఉండాలని ఉంది. అది పుస్తకం. పిల్లలు తగ్గినంక ఒక సారును వేరే బడికి పంపిండ్రు. ఒక్క సారు ఐదు తరగతులు. ఆ సారు మీటింగుకు పోయినా, ఎలక్షన్ డ్యూటీకి పోయినా, జ్వరం వచ్చి పడుకున్నా బడి లేదు. "చూడు, సారే రాడు, ఎందుకు పంపాలె" అని ఇంకో ఇద్దరు పోయిండ్రు. ఎవరి తప్పు? పోయినోళ్లు సారు లేడని పోయిండ్రు, సారు పిల్లలు లేరని పోయిండు.

పైసలు కూడా పిల్లల లెక్కనే నడుస్తయి. 2022 మార్చి 8న మన పక్కన వనపర్తిలోనే 'మన ఊరు - మన బడి' మొదలుపెట్టిండ్రు. 26,065 బడులు, 7,289 కోట్లు అని చెప్పిండ్రు. మా బడికి గూడ రేకులు పోయి స్లాబు వస్తదని యాడి సంబరపడ్డది. మొదటి విడతకు తీసుకున్నవి 9,123 బడులు, పిల్లలు ఎక్కువ ఉన్నవి. పిల్లలు ఎక్కువ ఉన్నచోట ముందు ఖర్చు పెట్టుడు తప్పని అనలేము, ఎవరైనా అట్లనే చేస్తరు. కానీ దాని అర్థం ఏంది? పిల్లలు పోయిన బడికి స్లాబు రాదు, స్లాబు లేని బడికి పిల్లలు రారు.

వంట బిల్లు కూడా అంతే. పిల్లకు ఇంత అని తలల లెక్కన వస్తది. నలభై మందికి వండినప్పుడు పప్పుల, నూనెల ఎట్లనో సర్దుకునేది. తొమ్మిది మందికి వండినా పొయ్యి ఒక్కటే, కట్టెలు దాదాపు అన్నే, యాడి పొద్దంతా పోయేది అంతే. బిల్లు మాత్రం తొమ్మిది మందిదే. ఒక రోజు పెద్ద గిన్నె అటక మీద పెట్టి చిన్న గిన్నె తీసింది. "నా ముగ్గురిని నేనే పంపిన, నా గిన్నె నేనే చిన్నగ చేసుకున్న" అన్నది. ఏడ్చుకుంట ఏం అనలేదు, నవ్వుకుంటనే అన్నది. మాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

మాలో పెద్దది డిగ్రీలో ఎకనామిక్స్. ఒక రోజు మేడం క్లాసులో ఒక పరిశోధన గురించి చెప్పింది. ఇంటికొచ్చి ఇద్దరం దాని మీద రాత్రంతా మాట్లాడుకున్నం, ఎందుకంటే అది అచ్చం మా చిట్టీ కథ. 2008లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, ఐదు జిల్లాల్లో 180 ఊళ్లల్ల చేసిండ్రట. సర్కారు బడి పిల్లల తల్లిదండ్రుల దగ్గర దరఖాస్తులు తీసుకొని, ముందు సగం ఊళ్లను చిట్టీ వేసి తీసి, ఆ ఊళ్లల్ల మళ్లీ పిల్లలను చిట్టీ వేసి తీసి, పేరొచ్చిన పిల్లల ప్రైవేటు బడి ఫీజు కట్టిండ్రు. నాలుగేండ్ల తర్వాత పరీక్ష పెట్టిండ్రు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు 2015లో దాన్ని ఒక పెద్ద అంతర్జాతీయ పత్రికలో రాసిండ్రు.

ఏం తేలింది? తెలుగు, లెక్కల్లో చిట్టీ వచ్చిన పిల్లలకు, రాని పిల్లలకు తేడా లేదు. మేము రెండు మూడు సార్లు చదివినం, నమ్మబుద్ధి కాలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నరు, ఎందుకంటే ప్రైవేటు బడిలో చిన్న తరగతుల్లోనే హిందీ చెప్తరు. ఇంకొకటి కూడా తేలింది, అది మన సర్కారు బడుల వాళ్లకు చేదుగ ఉంటది. ప్రైవేటు బడిలో తెలుగు, లెక్కలకు ఇచ్చిన టైం తక్కువ, అయినా మార్కులు సమానం. ఒక్కో పిల్ల మీద పెట్టే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ప్రైవేటు టీచర్ జీతం సర్కారు టీచర్ జీతంలో ఆరో వంతు కూడా లేదు. ఇది చదివి ఒకరు "చూడు, తక్కువ ఖర్చుతో అదే చదువు, పిల్లలనందరినీ ప్రైవేటుకే పంపుదాం" అనొచ్చు. ఇంకొకరు "చూడు, ప్రైవేటుకు పోయి ఒరిగిందేమీ లేదు" అనొచ్చు. మాకు అర్థమైంది వేరే. మా తమ్ముని పేరు వచ్చినప్పుడు బా చేతులు జోడించింది దేనికో, అది తెలుగు లెక్కల్లో అయితే లేదు.

ఆ పరిశోధనలో మాకు ఎదురు వచ్చే ముక్క కూడా ఉంది. దాచిపెడితే బాగుండదు. పిల్లలు వెళ్లిపోయిన సర్కారు బడుల్లో మిగిలిన పిల్లల మార్కులు పడిపోలేదట. మేము పైన రాసినదంతా దీనికి అడ్డం వస్తది. లెక్క తప్పని మేము అనము. అది 180 ఊళ్ల సగటు. మాది ఒక్క తండా. నూట యాభై మంది ఉన్న ఊరి బడిలోంచి పది మంది పోతే గోడ మీద ఒక ఇటుక పోయినట్టు. నలభై మంది ఉన్న తండా బడిలోంచి పది మంది పోతే ఒక సారు పోతడు. ఆ సారు పోయినంక పెట్టే పరీక్షలో ఏం వస్తదో మా బడికి ఎవరూ వచ్చి చూడలేదు.

బయటి దేశాల సంగతి కూడా మేడం కొంచెం చెప్పింది. దక్షిణ అమెరికాలో చిలీ అనే దేశంలో 1981 నుంచి సర్కారు డబ్బులు పిల్లల వెంట నడిచే పద్ధతి పెట్టిండ్రట. పిల్ల ఏ బడికి పోతే డబ్బు ఆ బడికి. చానా మంది పిల్లలు ప్రైవేటుకు పోయిండ్రు, కానీ దేశం మొత్తం మీద చదువు సగటున పెరిగిందని తేలలేదని, కొంచెం ఉన్న కుటుంబాల పిల్లలే సర్కారు బడి వదిలిపోయిండ్రని 2006లో ఒక పరిశోధన వచ్చింది. చివరికి 2015లో వాళ్లు చట్టం తెచ్చి, సర్కారు డబ్బు తీసుకునే బడులు పిల్లలను ఏరుకోవద్దని అన్నరు. మా తండా వ్యాన్ హారన్ అంత దూరం వినపడ్డది అనుకున్నం.

మన దగ్గర విద్యాహక్కు చట్టం 2009లో వచ్చినప్పుడు ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకు అని 12(1)(సి) సెక్షన్‌లో రాసిండ్రు. ఆంధ్రప్రదేశ్‌లో అది 2022-23 నుంచి నడుస్తుంది. దాని మీద మన గ్రూపులోనే వేరే పోస్టు ఉంది, మళ్లీ రాయం.

ఇగ 2025 దసరా. ఇది రాయడానికే ఇంత సేపు పట్టింది మాకు.

బెస్ట్ అవైలబుల్ స్కీములో సర్కారు ప్రైవేటు బడికి పిల్ల ఫీజు కడతది. ఇంటి నుంచి పోయొచ్చే పిల్లకు ఏడాదికి 28,000, హాస్టల్ పిల్లకు 42,000. ఆ డబ్బులు ఏండ్లకేండ్లు బకాయి పడ్డయి. 2025 దసరా సెలవులు అయిపోయినంక రాష్ట్రంలో చాలా చోట్ల మేనేజ్‌మెంట్లు బకాయిలు ఇస్తే గానీ పిల్లలను రానీయమన్నయి. తల్లిదండ్రులు ధర్నాలు చేసిండ్రు, మీలో కొందరు పోయిండ్రు కూడా. మా తమ్ముడు పెట్టె పట్టుకొని వాళ్ల బడి గేటు దాకా పోయి తిరిగొచ్చిండు. ఆ బడి పేరు రాయం. వాళ్లు చెడ్డోళ్లని కూడా అనం, వాళ్లకు రావాల్సినవి వాళ్లకు రాలేదు. కానీ గేటు కాడ ఫీజు కట్టిన పిల్లలను లోపలికి పంపి, చిట్టీ పిల్లలను పక్కకు నిలబెట్టిండ్రు. ఏడేండ్లు ఒక్క బెంచీ మీద కూర్చున్న దోస్తులు లోపలి నుంచి చేతులు ఊపుతుంటే మావాడు పెట్టె మీద కూర్చున్నడు. పదో తరగతి. ఇంకో ఐదు నెలలైతే పబ్లిక్ పరీక్ష.

ఇంటికొచ్చి రెండు రోజులు ఎవ్వరితోని మాట్లాడలేదు. బా ఫోన్ చేస్తే తీయలేదు. మూడో రోజు యాడి వంటకు పోతూ "గుడ్ల బుట్ట పట్టుకొని రా" అని పిలిచింది, పోయిండు. ఆ రోజు సారు ఏదో ట్రైనింగుకు పోయిండు. తొమ్మిది మంది పిల్లలు వరండాల ఉన్నరు. యాడి పొయ్యి కాడికి పోయింది. మావాడు కాసేపు చూసి, సుద్దముక్క తీసుకొని మూడో ఎక్కం రాసిండు. ఒక పిల్లకు అర్థం కాకపోతే మన భాషలో చెప్పిండు. ఇంగ్లీష్ మీడియంలో ఏడేండ్లు ఉండి వచ్చిన పిలగాడు, హాస్టల్లో మన బోలి మాట్లాడితే ఫైన్ వేస్తరని రెండేండ్లు ఇంటికొచ్చినా మాతో తెలుగులోనే మాట్లాడినోడు. ఆ వారమంతా పొద్దున పది గంటలకు తయారయి బడికి పోయిండు. సారు వచ్చినంక కూడా పోయిండు. సారు ఏమనలేదు, ఒకటి రెండు తరగతులు వానికి ఇచ్చేసి మిగతావి తను చూసుకున్నడు. అంటే ఎన్ని ఏండ్లకో మా బడికి మళ్లీ ఇద్దరు సార్లు.

తర్వాత ఏదో మాట కుదిరింది, బడి నుంచి ఫోన్ వచ్చింది, పోయిండు. పోయే రోజు పిల్లలు బస్టాపు దాకా వచ్చిండ్రు. వాళ్లల్ల ఒక పిల్ల అడిగింది: "భియా, నువ్వు పోయే బడికి మేము కూడా రావచ్చునా?" వాడు మా దిక్కు చూసిండు. మేము బస్సు దిక్కు చూసినం.

ఇక్కడ మా గురించి కూడా ఒక మాట చెప్పాలె, లేకపోతే ఈ పోస్టు సగమే. నిరుడు జూన్‌ల బడిబాట అప్పుడు సారు ఇల్లిల్లూ తిరిగిండు, యాడి వెంట పోయింది, మేము కూడా పోయినం. మా చిన్నమ్మ బిడ్డ, మాకు అక్క వరుస, ఆమె కూతురు ఒకటో తరగతికి వచ్చింది. "అక్కా, తండా బడిలో వెయ్యి, పిల్లలు ఉంటేనే కద సారు ఉంటడు" అని మేమే చెప్పినం. ఆమె చేటలో బియ్యం చెరుగుతున్నది, ఆపలేదు. "మీరు గురుకులంల చదువుకొని, మీ తమ్ముని ప్రైవేటుల వేసి, నా బిడ్డను ఈడ ఉంచమంటరా? మీ బడిని నిలబెట్టే పని నా బిడ్డదా?" అన్నది. యాడి ఏం మాట్లాడలేదు. సారు నీళ్లు అడిగిండు. మా దగ్గర జవాబు లేకపాయె. ఇప్పటికీ లేదు. ఆమె అన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. సోమవారం ఆ పిల్ల టై కట్టుకొని వ్యాన్ ఎక్కింది.

అందుకే ఆ అన్న అడిగిన ప్రశ్నకు "తండా బడిలోనే ఉంచు" అని మేము చెప్పలేము. చెప్పే హక్కు మాకు లేదు. "తండా బడి మాత్రం వద్దు" అని కూడా చెప్పలేము, ఎందుకంటే అది బడి కాదు అన్నట్టు మాట్లాడితే ఆడ ఉన్న తొమ్మిది మంది పిల్లలు ఏమైతరు? వాళ్లల్ల ఇద్దరు అమ్మమ్మ కాడ ఉండే పిల్లలు, తల్లిదండ్రులు బొంబాయిల ఉన్నరు. ఒక పిల్లకు వినపడదు. చిట్టీ వేయడానికి కూడా ఎవరో ఒకరు కాగితాలు పట్టుకొని మీసేవకు పోవాలె కద. వాళ్లకు ఆ ఒకరు లేరు. మన ఎంపికలన్నీ అయిపోయినంక ఎంపిక లేనోళ్లు మిగిలిన చోటు అది. ఆ చోటికి కూడా ఒక సారు, ఒక స్లాబు, ఒక పెద్ద గిన్నె ఉండాలని అడగాలె. తలల లెక్క చూసి ఇచ్చేది కాదు అది. పిల్లలు తొమ్మిది మందే ఉన్న బడికి ఇద్దరు టీచర్లు ఉండాలని మనం మెమొరాండం ఇస్తే నవ్వుతరని తెలుసు. చట్టం పట్టికలో ఉన్నదే అడుగుతున్నం అని ఆ పేజీ జతచేసి ఇస్తం. ఎవరన్న రాయడంల సాయం చేస్తమంటే ఈ పోస్టు కింద చెప్పండి. కొల్లాపూర్, పెద్దకొత్తపల్లి దిక్కు తండాల వాళ్లు మీ బడుల్లో ఎంతమంది పిల్లలు, ఎంతమంది సార్లు ఉన్నరో రాస్తే అన్నీ కలిపి ఒక్కసారే ఇవ్వచ్చు.

ఆ అన్నకు మేము చెప్పేది ఒక్కటే: పరీక్ష రాయించన్నా, చిట్టీ వెయ్యన్నా. కానీ బిడ్డ పోయినంక గూడ తండా బడి కమిటీ మీటింగు పెట్టినప్పుడు పో. నీ బిడ్డ లేదని సంతకం పెట్టనీయకపోతే బయట కూర్చో.

సంక్రాంతి అయిపోయినంక చిన్న సంగతి జరిగింది. మా అక్క కూతురు, వ్యాన్ ఎక్కిన పిల్ల, తండా బడికి వచ్చింది. మా మాట విని కాదు. వ్యాన్ ఫీజు మూడు నెలలది ఆగిపోయింది, ఈసారి పత్తి దిగుబడి రాలేదు. పిల్ల ఇంగ్లీష్‌ల రైమ్స్ మంచిగ చెప్తది, తెలుగు అక్షరాలు ఇంకా దిద్దుతున్నది. సారు హాజరు పట్టీలో పదో పేరు రాసిండు. యాడి ఆ రోజు గుడ్లు లెక్కపెట్టుకుంట "దస్" అని గట్టిగ అన్నది, మాకు వినపడేటట్టు.

ఆ పది మందిలోనే నాలుగో తరగతి పిల్ల ఒకతి ఉంది. మా తమ్మున్ని బస్టాపుల అడిగిన పిల్ల ఆమెనే. లెక్కల్లో బాగ చురుకు, చిన్నోళ్లకు ఎక్కాలు చెప్పిస్తది. మొన్న మేమిద్దరం ఆమెను, వాళ్ల అమ్మమ్మను తీసుకొని కోడేరు పోయి గురుకులం ఐదో తరగతి పరీక్షకు ఫారం నింపించినం. ఇప్పుడు రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి చదువుతున్నది. ఆమెకు సీటు వస్తదనే అనుకుంటున్నం. వస్తే హాజరు పట్టీల మళ్లీ తొమ్మిది. యాడికి ఈ సంగతి తెలుసు. నిన్న ఆ పిల్లకు పెన్సిల్ చెక్కిచ్చింది ఆమెనే.